ఎండిన బోర్ల లెక్క మా నోటుబుక్కుల్లో ఉంది

సంపాదకులకు నమస్కారం.

నేను వింజమూరులో మోటారు వైండింగు షాపు నడుపుతున్నాను. 1991లో మా మేనమామ దగ్గర పనికి చేరినప్పటి నుంచి బోర్లలో మోటార్లు దించడం, పీకడం, కాలినవి మళ్లీ చుట్టడం, ఇదే నా బతుకు. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది కానీ రాసిపెట్టుకునే అలవాటు మాత్రం మామ నేర్పాడు. ఎవరి చేను, ఎన్ని అడుగుల బోరు, ఎన్ని పైపులు, ఎంత హెచ్‌పీ మోటారు, అన్నీ నోటుబుక్కుకు ఎక్కించాలి. రెండేళ్ల తర్వాత ఆ రైతే వచ్చి "అన్నా, మోటారు ఆగిపోయింది" అన్నప్పుడు, లోపల పైపులెన్నో తెలియకుండా చైన్‌పుల్లీ భుజాన వేసుకుపోతే నవ్వులపాలవుతాం. అలా నా దగ్గర పదకొండు నోటుబుక్కులు పోగయ్యాయి.

ఈమధ్య ఒక పని మీద మూడో పుస్తకం తిరగేశాను. ఆ పనేమిటో తర్వాత చెబుతాను. 2003 ఏప్రిల్ పేజీలో నా చేతిరాత ఇలా ఉంది: "తూర్పు చేను. చింతచెట్టు పక్క. 260 అడుగులు. 5 హెచ్‌పీ. 12 పైపులు. నీళ్లు లేవు. మోటారు పీకాం. కేసింగు 40 అడుగులు పీకాం. కూలి ముట్టింది." పక్కన ఎర్ర సిరాతో ఒక సున్నా.

ఎర్ర సున్నా అంటే మా లెక్కలో చచ్చిన బోరు. ఇక ఆ బోరుకు మళ్లీ పిలుపు రాదని గుర్తు. పదకొండు పుస్తకాల్లో ఎర్ర సున్నాలు కూర్చుని లెక్కపెడితే మూడు వందలు దాటాయి. అందులో ఎన్నిటిని పూడ్చారో, ఎన్నిటికి మూత వేశారో నా పుస్తకంలో ఎక్కడా లేదు. మేం ఆ పని చేసుంటేగా రాయడానికి?

కేసింగు సంగతి తెలియని పట్నం పాఠకుల కోసం ఒక మాట. మా మెట్ట ప్రాంతంలో పైన కొన్ని అడుగులు మట్టి, మొరం. ఆ కింద అంతా బండే. బండలో బోరు తనంతట తానే నిలుస్తుంది, పైన ఉన్న మెత్తటి నేల మాత్రం కూలిపోతుంది. అది కూలకుండా దించే గొట్టమే కేసింగు. అప్పట్లో ఇనుపది, ఇప్పుడు పీవీసీది. బోరు ఎండిపోతే రైతుకు మిగిలేది అప్పు, ఆ కేసింగు పైపు. పాపం, దాన్నైనా పీకి ఇంకో బోరుకు వాడుకుందామనుకుంటాడు. కొత్తగా వేసిన బోరులో చుక్క పడకపోతే బోరు బండి కదలకముందే కేసింగు బయటికి తీసేస్తారు. పాతవాటిని పీకడానికి మాలాంటివాళ్లను పిలుస్తారు. చుట్టూ మూడడుగుల లోతు తవ్వి, మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, చైన్‌పుల్లీతో లాగుతాం. పైపు ఊడివచ్చాక అక్కడ మిగిలేది ఒట్టి రంధ్రం కాదు. మేం తవ్విన గుంత, కూలిన మట్టి కలిసి పైన గరాటు మాదిరి తయారవుతుంది. పైన రెండడుగుల వెడల్పు, కింద 6.5 అంగుళాలు. అందులో ఏది కాలు పెట్టినా నేరుగా మధ్యకే జారుతుంది. దాని మీద ఒక బండరాయి పెట్టి, గోనెసంచి కప్పి, టీ తాగి ఇంటికొచ్చేవాళ్లం. నేనే అలా వచ్చాను, చాలాసార్లు.

సంక్రాంతి దాటిన తర్వాత ఒక ఉదయం గొర్రెల కాపరి ఒకతను ఫోన్ చేశాడు. "మామా, గొర్రెపిల్ల బోరులో పడిపోయింది. నీ కాడ గాలం ఉంది గదా, బిన్నా రా." గాలం అంటే తెగిపడిన మోటార్లను పైకి లాగే కొక్కెం. బండి మీద అద్దం కూడా వేసుకుని వెళ్లాను. బోరులో ఏముందో చూడాలంటే టార్చిలైటు కన్నా అద్దమే నయం. ఎండకు అడ్డం పట్టి వెలుగును లోపలికి కొడితే వంద అడుగుల దాకా కనిపిస్తుంది.

కనిపించింది. ముప్పై అడుగుల్లో, రెండు కళ్లు మెరుస్తూ. పుట్టి వారం కూడా కాని పిల్ల, మా నెల్లూరు జోడిపి జాతిది. బోరు వెడల్పంతా దాని ఒళ్లే ఉంది, పక్క నుంచి గాలం దిగడానికి సందు లేదు. తాడు ఉచ్చు వేసి చూశాం, తల మీద నుంచి జారిపోయింది. అరుపు పైకి చాలా స్పష్టంగా వస్తుంది, గొట్టంలోంచి వచ్చినట్టు. తల్లిగొర్రె ఆ మూతి చుట్టూ తిరుగుతూ కాళ్లతో మట్టి లోపలికి రాలుస్తోంది. దాన్ని పట్టుకోవడానికే ఒక మనిషి కావాల్సి వచ్చింది. మధ్యాహ్నం ఎండ వాలి అద్దానికి వెలుగు అందకుండా పోయింది. ఇంకాసేపటికి అరుపు కూడా ఆగింది.

నాకు అప్పటికీ తెలియలేదు. తిరిగి వస్తూ గట్టు మీద నరికేసిన చెట్టు మొద్దు చూశాను. చింత మొద్దు. షాపుకొచ్చి మూడో పుస్తకం తీశాను. నేను ఇరవై ఏళ్ల కిందట పెట్టిన రాయి ఏమైందో తెలియదు, బహుశా ఏ ట్రాక్టరో గట్టుకు నెట్టేసి ఉంటుంది. బోరు వేయించిన రైతు పొలం అమ్మేసి నెల్లూరు వెళ్లిపోయాడు. కొన్న ఆయనకు తన చేలో బోరు ఉందన్న సంగతే తెలియదు. తెలిసినవాడిని నేనొక్కడినే. నేనూ మర్చిపోయాను.

పడింది గొర్రెపిల్ల కాబట్టి ఈ ఉత్తరం ఇంత నిదానంగా రాస్తున్నాను. 2017 జూన్‌లో తెలంగాణలో చేవెళ్ల దగ్గర ఏడాదిన్నర పాప బోరులో పడితే రోజుల తరబడి ప్రయత్నించి కూడా ప్రాణాలతో తీయలేకపోయారు. అదే ఏడాది ఆగస్టులో మన వినుకొండ దగ్గర రెండేళ్ల బాబు పడితే పక్కన గుంత తవ్వి పది గంటలకు పైగా కష్టపడి బతికించారు. అప్పుడు టీవీల ముందు కూర్చున్న మనందరికీ ఎంత టెన్షనో గుర్తుంది. ఆ వారం మా ఊళ్లలో కూడా నాలుగు బోర్లకు మూతలు పడ్డాయి. తర్వాత మామూలే.

చట్టం లేదా అంటే ఉంది. మన రాష్ట్రంలో 2002 నుంచి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, బోరు వేయాలంటే అనుమతి, బోరు బండికి రిజిస్ట్రేషన్ ఉండాలి. సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరి 11న ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేసే 15 రోజుల ముందే అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. కేసింగు చుట్టూ భూమిలోపల 0.30 మీటర్లు, పైన 0.30 మీటర్లు కాంక్రీటు దిమ్మె కట్టాలి. మూతిని ఇనుప పలకతో వెల్డింగు చేయాలి, లేదా నట్లు బోల్టులతో గట్టి మూత బిగించాలి. మోటారు రిపేరుకు తీసినప్పుడు కూడా బోరు తెరిచి వదలకూడదు. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా బంకమట్టి, ఇసుక, గులకరాళ్లు, బోరు పొడి వంటివాటితో నింపి, నింపినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎంత వివరంగా రాశారో చూడండి. నా ఇన్నేళ్ల సర్వీసులో ఆ చివరి సర్టిఫికెట్ నేను కళ్లతో చూడలేదు. బోరు పుట్టుకకు కాగితం అడిగేవాళ్లు ఉన్నారు, చావుకు అడిగేవాళ్లు లేరు.

ఇక నీళ్ల సంగతి. ఇది బిడ్డలు పడే ప్రమాదమంత కంటికి కనిపించదు, కానీ మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఒకసారి ఒక బత్తాయి తోటలో కొత్త బోరు వేస్తున్నారు. బండి కంప్రెషర్ గాలి 180 అడుగుల్లో ఒక పగులుకు తగలగానే, రెండు వందల గజాల అవతల పక్క రైతు బోరులోంచి నీళ్లు నురుగుతో బుసబుసా పొంగాయి. ఆ రైతు పరిగెత్తుకొచ్చి "నా నీళ్లు లాగేస్తున్నారు" అని గొడవ పెట్టుకున్నాడు. గొడవ సంగతి అటుంచితే, కింద బండ పగుళ్లన్నీ ఒకదానికొకటి గొలుసు కట్టినట్టు ఉంటాయని ఆ రోజు మాకందరికీ అర్థమైంది. గాలి అంత దూరం వెళ్లిందంటే మురుగు వెళ్లదా?

వాననీరు మామూలుగా మట్టిలో, మొరంలో నెమ్మదిగా ఇంకి, వడపోసుకుని కిందికి చేరుతుంది. తెరిచి ఉన్న బోరుకు ఆ వడపోత ఏమీ ఉండదు. పేడ, చేలో కొట్టిన పురుగుమందు, కలుపుమందు, యూరియా, అన్నీ వరదతో కలిసి నేరుగా జలలోకి దిగుతాయి. ఒక ఊరి పక్కన పాడుబడిన నేలబావిలో కోళ్ల వ్యర్థాలు పడేసేవాళ్లు. దగ్గర్లోనే ఉన్న తాగునీటి బోరు మోటారు పీకడానికి పిలిస్తే వెళ్లాను. మోటారు జాలీకి జిగురు పట్టి ఉంది, చేతికి అంటిన వాసన రెండు రోజులు సబ్బుకు పోలేదు. ఆ ఊరివాళ్లు అప్పటిదాకా పైపులు తుప్పు పట్టాయనే అనుకున్నారు.

మా మెట్టలో నీళ్లలో ఉండే ఫ్లోరైడును దీనికి ముడిపెట్టడం తప్పు. అది రాతిలోంచే వస్తుంది, బోర్లు పూడ్చినంత మాత్రాన పోదు. అసలే రాయి మనకు ఒక విషం ఇస్తుంటే, ఇంకోటి మనమే పైనుంచి ఎందుకు పోయాలన్నదే నా ప్రశ్న.

కొందరు చదువుకున్నవాళ్లు "ఎండిన బోర్లను పూడ్చకండి, వాననీరు వదిలి రీఛార్జికి, అంటే భూమిలో నీళ్లు మళ్లీ నింపడానికి, వాడండి" అంటారు. కాదనను. చుట్టూ గుంత తీసి గులక, కంకర, ఇసుక పొరలుగా వేసి, కేసింగుకు చిల్లులు పెట్టి జాలీ చుట్టి, పైన మూత బిగిస్తే మంచిదే. పురుగుమందులు కొట్టని చోటి నీళ్లైతే ఇంకా మంచిది. నేను చూసిన రీఛార్జి మాత్రం, చేలో కాలువ తీసి బురదనీళ్లు తిన్నగా బోరులోకి మళ్లించడం. దానికి ఆ పేరు పెట్టకూడదు.

పూడ్చడం పెద్ద ఖర్చని అందరూ అనుకుంటారు. నేనూ అనుకునేవాడిని, లెక్క వేసి చూసేదాకా. 6.5 అంగుళాల బోరు అడుగుకు పట్టేది ఆరున్నర లీటర్లు. 300 అడుగుల బోరు మొత్తానికి రెండు ఘనపు మీటర్ల సరుకు చాలు, ఒక ట్రాక్టరు ట్రక్కు కూడా నిండుగా పట్టదు. ఇంత చిన్నపనికి ఇన్నేళ్లు ఆగామా అని సిగ్గేసింది.

కాకపోతే పద్ధతి ఉంది. పైనుంచి పెద్ద రాళ్లు దొర్లిస్తే నలభై అడుగుల్లో ఎక్కడో ఇరుక్కుంటాయి. పైన మట్టి పోస్తే నిండినట్టే కనిపిస్తుంది. రెండు వానలకు దిగబడి మళ్లీ నోరు తెరుస్తుంది. ఇది గొయ్యి కన్నా ప్రమాదం, ఎందుకంటే గట్టినేలే అనుకుని మనిషి నడుస్తాడు. అందుకని ముందు లోపల మోటారు, పైపు, వైరు, తాడు ఏదున్నా తీసేయాలి. తాడుకు బరువు కట్టి లోతు కొలవాలి. కొంచెం బ్లీచింగు వేయాలి. అంగుళం లోపు శుభ్రమైన గులక నిదానంగా పోస్తూ మధ్యమధ్యలో కొలుస్తుండాలి. 13 లీటర్ల బకెట్టు పోస్తే రెండడుగులు లేవాలి. అంతకన్నా బాగా ఎక్కువ లేచిందంటే ఎక్కడో అడ్డం పడిందని అర్థం, ఆపి పొడిచి దించాలి.

పై ఇరవై ముప్పై అడుగులు, అంటే మట్టి బండను కలిసే చోటు, అసలు కీలకం. పైనీళ్లు లోపలికి దిగేది అక్కడే. దాన్ని గులకతో వదలకూడదు. బస్తా సిమెంటుకు 25 లీటర్ల నీళ్లు కలిపి, పాత హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు అడుగుదాకా దించి దాని గుండా పోస్తూ, నిండేకొద్దీ పైపును పైకి లాగాలి. పైనుంచి కుమ్మరిస్తే సిమెంటు, నీళ్లు విడిపోతాయి. బస్తా ఆరడుగులు వస్తుంది, ఇరవై అడుగులకు నాలుగు బస్తాలు. కేసింగు అలాగే ఉంటే దాని బయట సందులో కూడా పోయాలి. నేలకు మూడడుగుల కింద ఆపి, ఆ పైన మట్టి వేసి కాస్త గుబ్బగా వదిలితే నీళ్లు నిలవవు, నాగలికీ తగలదు. బోరు వేసిన రోజే ఫెయిలైతే ఇంకా సులువు. లోపలి నుంచి వచ్చిన తెల్లటి రాతిపొడి పక్కనే కుప్పగా ఉంటుంది. ఒక పూట ఆగి అదే నింపి పోవచ్చు. బోరు బండివాళ్లకు ఆ పూట ఖాళీ ఉండదు, రాత్రికి ఇంకో ఊళ్లో ఇంకో పాయింటు.

పాత నేలబావుల విషయంలో మావాళ్లకు ఇంకో చిక్కుంది. బావి పూడిస్తే గంగమ్మకు కోపం వస్తుందని మా అమ్మ కూడా అనేది. పూడ్చడం పాపం, చచ్చిన కుక్కను అందులో వేయడం మాత్రం పాపం కాదన్నమాట! పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకునే పూడ్చండి, ఎవరు వద్దన్నారు. చెత్తతో మాత్రం కాదు, రాయి, మొరం, పైన బంకమట్టితో. ఒక్క మాట, పూడ్చే ముందు శుభ్రం చేద్దామని ఎవరినీ లోపలికి దించకండి. వాడకం లేని బావి అడుగున గాలి ఆడదు, విషవాయువు నిలుస్తుంది. బావి లోపల గట్టు మీద డీజిల్ ఇంజన్ ఆడించి దిగినవాళ్లు ఎక్కి రాలేకపోయిన సంగతులు మా వృత్తిలో అందరికీ తెలుసు. దీపం దించి చూస్తే చాలంటారు, నేను నమ్మను. దీపం వెలిగినా చంపే గాలి ఉంటుంది.

ఇప్పుడు నా మనవి. కలెక్టరు గారు సర్వే చేయమని ఆదేశిస్తే, సిబ్బంది రైతునడుగుతారు, రైతు "మా చేలో ఏం లేవు సార్" అంటాడు. కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడు ఊళ్లో ఉండడు. లెక్క ఉన్నది మా దగ్గర. వింజమూరు, కలిగిరి, దుత్తలూరు, ఉదయగిరి ఎక్కడికి పోయినా ప్రతి మోటారు షాపులో నా పుస్తకాల్లాంటివి ఉంటాయి. మండలానికి ఒక రోజు మమ్మల్ని పిలవండి. కేసులు పెట్టం అని ఒక మాట ఇవ్వండి, లేకపోతే సగం పుస్తకాలు ఆ రాత్రే మాయమవుతాయి. ఒక్కో ఎర్ర సున్నా దగ్గరికి మేమే తీసుకెళ్లి చూపిస్తాం. ఈ-పంట నమోదుకు వ్యవసాయ సహాయకులు ఎలాగూ చేలకు వెళ్లి ఫొటోలు తీస్తున్నారు. ఆ ఫోన్లోనే "ఈ చేలో వాడని బోరు, బావి ఉందా?" అని ఇంకో గడి పెడితే ప్రతి సీజనులో లెక్క సరి చూసుకోవచ్చు. పొలం అమ్మేటప్పుడు ఆ సమాచారం కొనేవాడికి చేరాలి. బోరు బండి యజమాని ఫెయిలైన బోరు పూడ్చి ఫొటో పంపేదాకా తర్వాతి అనుమతి ఇవ్వకండి. ఇది మా బోరు బండి మిత్రులకు నచ్చదని తెలుసు. ఇద్దరు ముగ్గురు నాకు పని చెప్పడం మానేసినా మానేస్తారు.

చింతమొద్దు పక్క బోరును ఆ కాపరి, నేను, మా షాపు కుర్రాడు కలిసి గత నెలలో పూడ్చాం. ఆ గొర్రెపిల్ల ముప్పై అడుగుల్లో అలాగే ఉంది, తీయలేకపోయాం. మందంగా బ్లీచింగు వేసి, దాని మీదే నింపాల్సి వచ్చింది. ఆ కింద 230 అడుగులు ఖాళీగానే మిగిలిపోయింది. అందుకే పైన పద్ధతి ప్రకారం కావాల్సిన దానికన్నా ఒక బస్తా ఎక్కువే వేశాం. అయినా మనసుకు పూర్తిగా నచ్చలేదు, ప్రతి వానకూ పోయి చూసి వస్తున్నాను. పొలం యజమాని డబ్బు ఇవ్వబోతే కాపరే వద్దన్నాడు. మూడో పుస్తకంలో ఎర్ర సున్నా మీద నీలం పెన్నుతో అడ్డంగా గీత గీశాను.

నా పేరు వేయవద్దని కోరుతున్నాను, కేసింగు పీకించినవాళ్లంతా ఇక్కడే ఉన్నారు, వాళ్లతో రోజూ మొహాలు చూసుకోవాలి. అధికారులు ఎవరైనా అడిగితే మాత్రం వివరాలు ఇవ్వండి. ఉదయం తొమ్మిది తర్వాత షాపులోనే ఉంటాను. పుస్తకాలు వైండింగు టేబులు కింద రేకు పెట్టెలో ఉన్నాయి. మూడోదానికి అట్ట ఊడింది, కాస్త జాగ్రత్తగా తిప్పాలి.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్కు,
వింజమూరు, నెల్లూరు జిల్లా